లొహి వెంట ఏడు రోజులు

మొదటి రోజు, రీగా

ఫిన్లాండులో సాల్మన్ చేపని లొహి అంటారు. రెండక్షరాల మాట. ఇది వాళ్ళ సొంత మాట కాదని, సముద్రానికి దక్షిణాన ఉన్న బాల్టిక్ భాషల వాళ్ళ దగ్గర (ఇప్పటి లాట్వియన్, లిథువేనియన్ ఆ భాషలే) క్రీస్తుకు ఎంతో ముందే తెచ్చుకున్నారని చదివినప్పటి నుంచీ ఆ మాట నడిచిన దారిలో నేనూ ఒకసారి వెళ్ళి రావాలని మనసులో ఉండిపోయింది. హెల్సింకి పక్కన ఎస్పూలో మా బాబాయి కొడుకు ఉంటాడు. రెండేళ్ళుగా వేసవికి రమ్మని పిలుస్తున్నాడు. సరే వస్తాను కానీ నేరుగా హెల్సింకిలో దిగను, లాట్వియాలో మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తాను అన్నాను. "చేప పేరు కోసం రీగా వెళ్తావా అక్కా?" అన్నాడు ఫోన్లో. దాని కోసమే వెళ్ళాను. 2023 జులై మొదటి వారం.

రీగా సెంట్రల్ మార్కెట్ 1930లో తెరిచారు. జర్మన్లు వదిలేసి వెళ్ళిన జెప్పెలిన్ అనే పెద్ద గాలి ఓడల షెడ్ల సామాను తెచ్చి కట్టిన ఐదు పెద్ద మండపాలు, వాటిలో ఒకటి అచ్చంగా చేపలకే. పొగబెట్టిన చేపల వాసన గుమ్మంలోనే పట్టుకుంటుంది. లసిస్ అని చేత్తో రాసిన అట్టముక్కలు కనపడగానే దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీసుకున్నాను. అమ్మే ఆవిడ నేను కొనడానికి వచ్చాననుకుని ముక్క కోసి రుచికి ఇచ్చింది, తిన్నాక కొనక తప్పలేదు.

అయితే నాకు అసలు వస్తువు దొరికింది మార్కెట్లో కాదు, సాయంత్రం బసకి పక్కనే ఉన్న మామూలు సూపర్ మార్కెట్లో. ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా, ఈ మూడు చిన్న దేశాల్లో అమ్మే సరుకు మీద మూడు భాషల్లోనూ రాస్తుంటారు. పొగబెట్టిన సాల్మన్ ప్యాకెట్ ఒకటి తిరగేస్తే వెనక చిన్న అక్షరాలతో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి: ఎస్టోనియన్లో (ఇది ఫిన్నిష్‌కి చుట్టం) లొహె, లాట్వియన్లో లసిస్, లిథువేనియన్లో లషిష. నేను పుస్తకాల్లో వెతికిన వరస మొత్తం అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్యాకెట్ మీద ఉంది. లిథువేనియన్ మాటలో మధ్యలో ఉన్న ఆ 'ష' చూడండి, అదే పాతది. లాట్వియన్ వాళ్ళ నోట్లో 'స' అయింది. ఫిన్నిష్ వైపు వెళ్ళినది ముందు 'ష' తోనే వెళ్ళి, తర్వాత ఆ భాషలో 'ష' అన్న చోటల్లా 'హ' వచ్చేయడంతో ఇదీ మారింది. ఇదొక్క మాటకే జరిగింది కాదు. బఠాణీని లిథువేనియన్లో జిర్నిస్ (ఈ 'జ' కూడా అటు వెళ్ళాక ముందు 'ష' అయింది) అంటే ఫిన్నిష్‌లో హెర్నె, గడ్డి షియెనస్ అయితే హెయ్నా, మంచు పడి పైరు మాడిపోయే చలి షల్న అయితే హల్ల. మన పాలు కన్నడంలో హాలు, మన పులి అక్కడ హులి అయినట్టే. ఎవరో ఒకరు నోరు తిరగక మార్చింది కాదు, భాష మొత్తం ఒకే పద్ధతిలో కదిలింది. అందుకే పండితులు ఇది ఫలానా చోటి నుంచి వచ్చిందని అంత గట్టిగా చెప్పగలుగుతున్నారు.

రెండో రోజు, తాలిన్ మీదుగా ఓడ

పొద్దున్నే బస్సు. నాలుగున్నర గంటలు, దారంతా పైన్ చెట్లు, ఎక్కువసేపు నిద్రపోయాను. ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో మధ్యాహ్నం దాకా టైముంది, రైల్వే స్టేషన్ పక్కన మార్కెట్లో ఎస్టోనియన్ మాట ఎలా పలుకుతారో విందామని చేపల కొట్టు కుర్రాణ్ణి అడిగాను. మనం లొహె అని రాసుకుంటాం గానీ ఆ మొదటి అచ్చు మనకి లేదు. 'ఒ' అనబోతూ పెదాలు గుండ్రంగా చుట్టకుండా పక్కలకి లాగి ఉంచాలి. నాలుగుసార్లు అనిపించాడు, ఐదోసారి తల ఊపాడు. మాట చివర 'ఎ' మాత్రం వీళ్ళు జాగ్రత్తగా దాచుకున్నారు. ఫిన్నిష్‌లో అది ఒంటరిగా ఉన్నప్పుడు లొహి అవుతుంది, విభక్తి చేరగానే మళ్ళీ బయటికొస్తుంది: లొహెన్ అంటే సాల్మన్ యొక్క.

హెల్సింకికి ఓడలో రెండు గంటలు, 80 కిలోమీటర్లు. కిటికీ పక్కన కూర్చుని ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు ఇంకో మెట్టు కిందికి తవ్వుకున్నాను, ఇక్కడే రాసేస్తాను. బాల్టిక్ వాళ్ళకీ ఇది ఒంటరి మాట కాదు. జర్మన్లో లాక్స్, స్వీడిష్‌లో లాక్స్, రష్యన్లో లొసొస్. అంటే సంస్కృతం నుంచి జర్మన్ దాకా ఒకే కుటుంబమైన ఇండో యూరోపియన్ భాషలన్నీ విడిపోకముందే ఉన్న మాట. సాల్మన్ బాల్టిక్ సముద్రంలోకి పడే నదుల్లో ఉంటుంది కాబట్టి ఆ మూలభాష మాట్లాడిన వాళ్ళ సొంతూరు ఆ తీరమే అని 19వ శతాబ్దంలో కొందరు వాదించారు. తర్వాత చైనా పశ్చిమాన తారిమ్ ఎడారిలో పాత బౌద్ధ రాతప్రతులు దొరికాయి, తొఖారియన్ అనే చచ్చిపోయిన భాషవి, 1908లో జర్మన్ పండితులు దాన్ని గుర్తించి చదివారు. అందులో లక్స్ అంటే చేప. ఎడారిలో సాల్మన్ ఎక్కడిది? అటు కాకసస్ కొండల్లో ఒస్సెటిక్ భాషలోనూ ఇదే మాట ఉంది, అక్కడది ట్రౌట్ చేప. అంటే మాట ఒకటే అయినా అది చూపించే చేప ఊరిని బట్టి మారిపోయిందన్న మాట. సొంతూరి వాదన అక్కడితో బలహీనపడింది.

మరి మన వైపు? పాల్ థీమ అనే జర్మన్ సంస్కృత పండితుడు ఇంకో ఊహ చేశాడు: సంస్కృతంలో 'లాక్షా', అంటే లక్క, ఈ చేప మాట నుంచే పుట్టిందని, సాల్మన్ మాంసం ఎర్రన కాబట్టి ఎర్రటి రంగుకి ఆ పేరు వచ్చిందని. లెక్కకందని చేపల గుంపుల నుంచి 'లక్ష' వచ్చిందని కూడా అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. నాకు లక్ష సంగతి మీద నమ్మకం లేదు, లక్క సంగతి మాత్రం నిజమైతే బాగుండునని ఉంది. లొహి వినగానే లోహితం, అంటే ఎరుపు, గుర్తొచ్చే వాళ్ళుంటారు, నాకూ వచ్చింది. ఆ రెంటికీ మాత్రం చుట్టరికం లేదు.

మూడో రోజు, హెల్సింకి, ఎస్పూ

రేవు పక్కన సంతలో నారింజ రంగు గుడారాల కింద పెద్ద పెనాల మీద చేపలు వేగుతుంటాయి. లొహికెయ్‌త్తొ తిన్నాం, అంటే సాల్మన్ చారు. పేరుకి చారు గానీ మన చారులా పల్చగా ఉండదు. బంగాళదుంప ముక్కలు, ఉల్లికాడల్లాంటి లీక్, క్రీమ్, పైన ఇంత సోయికూర. మిరియం లాంటి గుండ్రటి మసాలా గింజ ఒకటి పంటికింద పడింది. చేప ముక్క చెంచాతో తాకితే పొరలు పొరలుగా విడిపోతుంది. దాంతో నల్లటి రై రొట్టె. కారం లేకుండా ఒక గిన్నె మొత్తం ఇష్టంగా తినడం నాకిదే మొదటిసారి.

ఇక్కడ బోర్డులన్నీ ఫిన్నిష్, స్వీడిష్ రెండింట్లో ఉంటాయి కాబట్టి ప్రతి కొట్టు ముందూ లొహి, లాక్స్ పక్కపక్కనే. అంత దూరం మారిపోయిన అక్కాచెల్లెళ్ళని ఒకే పలక మీద చూడటం బాగుంది. సూపర్ మార్కెట్లో కిర్యొలొహి అని ఇంకోటి ఉంది, ధర తక్కువ. అది సాల్మన్ కాదు, అమెరికా నుంచి తెచ్చి పెంచే రెయిన్‌బో ట్రౌట్. కిర్యొ అంటే మచ్చలు, రంగురంగుల గీతలు. ఫిన్నిష్‌లో పుస్తకాన్ని కిర్య అంటారు, అదీ ఇదీ ఒకే వేరు, ముందు గుర్తులు, నగిషీ అన్న అర్థం, తర్వాత రాత, తర్వాత పుస్తకం.

చేపల అర దాటి సబ్బులు, షాంపూల వైపు వెళ్ళినప్పుడు ఆగిపోయాను. గోళ్ళరంగు సీసాల పైన బోర్డు: క్యున్సిలక్క. క్యున్సి అంటే గోరు. లక్క అంటే లక్కే! మన లక్క పర్షియన్, అరబ్బీ మీదుగా యూరప్ వచ్చి, స్వీడిష్‌లోంచి ఫిన్నిష్‌లో దిగి, ఇక్కడ వార్నిష్‌కి పేరైంది. ఆ వత్తు కూడా పోకుండా, మా ఊళ్ళో లక్కపిడతలు అనేటప్పుడు ఎలా అంటామో అలాగే. థీమ చెప్పింది నిజమైతే ఈ కొట్లో చేపల అర దగ్గరున్న లొహి, గోళ్ళరంగు దగ్గరున్న లక్క ఒక తల్లి పిల్లలు, ఒకటి దక్షిణం నుంచి దగ్గరి దారిలో వచ్చింది, రెండోది ఇండియా చుట్టూ తిరిగి వచ్చింది. తమ్ముడికి చెప్తే వాడు ఫోన్ తీసి లక్క అంటే ఇంకోటి కూడా ఉందక్కా అని చూపించాడు, బురదనేలల్లో కాసే నారింజ రంగు పండు. అది వేరే మాట, దీనికి సంబంధం లేదు.

రాత్రి వాళ్ళ ఆరేళ్ళ పాప బొమ్మ గీసి చూపించింది, రెక్కలు, నోట్లోంచి మంట. "అత్తా, ఇది లొహిక్యార్మె" అంది. క్యార్మె అంటే పాము. డ్రాగన్‌కి ఫిన్నిష్‌లో పేరు సాల్మన్‌పాము! పాత స్వీడిష్‌లో ఫ్లోగ్‌డ్రాకి అనేవాళ్ళు, ఎగిరే డ్రాగన్ అని. ఆ 'ఎగిరే' అన్న ముక్క ఫిన్నిష్ వాళ్ళకి నోరు తిరగక, తెలిసిన మాటలా వినపడి లొహి అయి కూర్చుంది. ఇక్కడ చేప ఏమీ లేదు. అది చెప్పాక పాప కాసేపు ఆలోచించి డ్రాగన్ తోకకి చేప తోకలా రెండు చీలికలు గీసింది.

నాలుగో రోజు, యొయెన్సూ

రైల్లో నాలుగున్నర గంటలు తూర్పుకి, రష్యా సరిహద్దు వైపు. యొయెన్సూ అంటే ఏటి నోరు. మన తీరంలో నది సముద్రంలో కలిసేచోటుని మొగ అంటాం కదా, అదే. ఇక్కడ పియెలిస్ నది సరస్సులో కలుస్తుంది.

ఈ ఊరికి రావడానికి కారణం యార్విలొహి, అంటే సరస్సు సాల్మన్. మామూలు సాల్మన్ ఏట్లో పుట్టి సముద్రంలో పెరిగి గుడ్లకి మళ్ళీ ఏటికి వస్తుంది. ఇది అలా కాదు. మంచుయుగం ముగిశాక, మంచు బరువు పోయిన నేల పైకి లేచి, సైమా సరస్సుకీ సముద్రానికీ దారి మూసుకుపోయినప్పుడు లోపల ఉండిపోయిన చేపల సంతతి. సరస్సునే సముద్రం అనుకుని బతకడం నేర్చుకుంది. అన్ని వేల ఏళ్ళు గడిచాక 20వ శతాబ్దంలో పియెలిస్ నది మీద, దాని పక్క ఏటి మీద కరెంటు కోసం ఆనకట్టలు కట్టేసరికి గుడ్లు పెట్టే రాళ్ళచోట్లు పోయాయి. ఇప్పుడు ఈ జాతి మిగిలి ఉన్నది హేచరీల వల్లే, ఏటా పిల్లల్ని పెంచి వదులుతున్నారు. హేచరీ పిల్లలకి వీపు మీద తోక దగ్గరుండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి పెడతారు. ఎవరికైనా పడితే ఆ రెక్క చూడాలి, లేకపోతే ఇంటికి తీసుకెళ్ళొచ్చు, అదీ 60 సెంటీమీటర్లు దాటితేనే. రెక్క ఉంటే అది ఏట్లో తనంతట తాను పుట్టిన చేప, వెంటనే నీళ్ళలో వదిలేయాలి.

వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. నేను గోదావరి దగ్గర పుట్టినదాన్ని, నాకిది కొత్త కథ కాదు. సముద్రంలో విలస అంటాం, వరద ఎర్రనీళ్ళకి ఎదురీది గోదావరిలోకి వచ్చాక అదే చేప పులస. ధవళేశ్వరం దగ్గర దానికి కట్ట అడ్డం, 1852 నుంచీ. అంతకు పైకి ఎక్కడిదాకా వెళ్ళేదో చూసినవాళ్ళు ఎవరూ లేరిప్పుడు. కట్ట వద్దనే మనిషిని కాను, ఆ కట్ట వల్లే మా తాతలు అన్నం తిన్నారు. కానీ చేపకి దారి మూసుకుపోవడం ఇప్పటికీ బాధే.

ఐదో రోజు, ప్రయాణం

చెప్పడానికి పెద్దగా లేదు. యొయెన్సూ నుంచి వెనక్కి హెల్సింకి, అక్కడ విమానం నాలుగు గంటలు ఆలస్యం, ఉత్తరాన ఇవలో అనే ఊరు చేరేసరికి, ఇంకా పైనున్న ఉత్స్‌యొకికి వెళ్ళే బస్సు పోయింది. టెన్షన్ పడ్డాను గానీ పడాల్సిన పని లేకపోయింది, రాత్రి పదకొండింటికి కూడా ఎండ కాస్తోంది, బస దొరికింది. ఎండలో పడుకోవడం అలవాటు లేక కళ్ళకి చున్నీ కట్టుకున్నాను.

ఆరో రోజు, ఉత్స్‌యొకి

160 కిలోమీటర్ల పైన బస్సు. రోడ్డు మీద రైన్‌డీర్లు వస్తే డ్రైవర్ హారన్ కొట్టడు, ఆగుతాడు. ఉత్స్‌యొకిలో ఉండేది సుమారు 1200 మంది, ఫిన్లాండులో సామీ జాతి వాళ్ళు, అంటే ఈ ఉత్తరాది ఆదివాసులు, సగం కన్నా ఎక్కువగా ఉన్న పంచాయతీ ఇదొక్కటే. ఊరి బోర్డు మీద సామీలో ఒహ్‌త్సెయొహ్క అనీ ఉంటుంది. అవతలి ఒడ్డు నార్వే, మధ్యలో తెనొ నది, పైన 1993లో కట్టిన తీగల వంతెన. ఈ నదిలోనే 1928లో గాలానికి 36 కిలోల సాల్మన్ పడింది, నార్వే వైపున. అట్లాంటిక్ సాల్మన్‌లో ఇప్పటికీ అదే రికార్డు.

సామీలో సాల్మన్ అంటే లువొస్స. చెవికి లొహి కన్నా లిథువేనియన్ వాళ్ళ లషిషకే దగ్గరగా లేదూ? ఎందుకంటే ఫిన్నిష్‌లో 'హ' రాకముందే ఈ మాట ఇంకా ఉత్తరానికి వచ్చేసింది, ఇక్కడ 'ష' కాస్తా 'స' అయింది. దక్షిణం నుంచి బయల్దేరిన మాట పాత రూపు అన్నిటికన్నా దూరంగా వెళ్ళిన చోట మిగిలి ఉంది. మొదటి రోజు ప్యాకెట్ మీద చదివిన వరసకి చివరి లైను ఈ నది ఒడ్డున దొరికినట్టయింది.

బస ఇచ్చిన ఆవిడ సామీ. వంటింట్లో కాఫీ పోస్తూ మాటలు చెప్పింది, నేను రాసుకున్నాను. ఒక శీతాకాలం మాత్రం సముద్రంలో గడిపి వచ్చే చిన్న సాల్మన్ దిద్ది, దాన్నే ఈ నది మీద ఫిన్నిష్ మాట్లాడేవాళ్ళు తిత్తి అంటారు. కింద తోర్నియో నది వైపు వెళ్తే అదే కొస్సి. మగది, గుడ్ల కాలానికి కింది దవడ కొక్కెంలా వంగేది, ఫిన్నిష్‌లో కొయమొ, సామీలో గొఅజ్జిన్. గుడ్లున్న ఆడది దువొవ్వి. గుడ్లు పెట్టాక సముద్రానికి పోకుండా చలికాలమంతా ఏట్లోనే చిక్కి ఉండేది తల్విక్కొ, తల్వి అంటే శీతాకాలం. లొహి అన్నది పేరు మాత్రమే, దానితో బతికేవాళ్ళకి అది వయసుని బట్టి, ఆడామగని బట్టి, కాలాన్ని బట్టి ఇన్ని చేపలు. విలస, పులస అనే మాకిది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత ఆవిడ కప్పు కింద పెట్టి, మా అబ్బాయికి ఈ మాటలన్నీ వచ్చు, చేపే తెలీదు అంది. సముద్రం నుంచి తిరిగి వచ్చే సాల్మన్ బాగా తగ్గిపోవడంతో 2021 నుంచి తెనొలో సాల్మన్ పట్టడం పూర్తిగా ఆపేశారు. అప్పటికి వాడికి ఆరేళ్ళు. ఏ వయసులో తండ్రి పడవలో ఎక్కించుకుని వల వేయడం నేర్పాలో సరిగ్గా ఆ వయసు. నీళ్ళలో ఇప్పుడు ఎక్కువ కనపడేది క్యుత్త్యురాలొహి, అంటే గూనిసాల్మన్. పసిఫిక్ చేప, సోవియట్ వాళ్ళు రష్యా ఉత్తర నదుల్లో తెచ్చి వదిలితే ఇటు పాకింది, రెండేళ్ళకోసారి బేసి సంవత్సరాల్లో గుంపులుగా వస్తుంది. 2023 బేసి సంవత్సరమే. పేరులో లొహి ఉన్నా ఆవిడ దాన్ని లువొస్స అనడానికి ఒప్పుకోలేదు.

ఏడో రోజు, తెనొ ఒడ్డు

పొద్దున్నే నది ఒడ్డుకి వెళ్ళాను. దోమలు మన దోమల కన్నా పెద్దవి, నెమ్మదిగా వాల్తాయి గానీ వదలవు. ఇసుక మీద రెండు దుంగల పైన బోర్లించి ఉన్న పొడవాటి చెక్కపడవ, సన్నంగా, ముక్కు బాగా పైకి లేచి. ఒక పెద్దాయన దానికి వార్నిష్ వేస్తున్నాడు. కుంచెని డబ్బా అంచుకి రెండుసార్లు ఒత్తి, చెక్క నార వెంట ఒకే దిక్కున లాగుతున్నాడు, తడి తగిలిన చోట పాత పలక తేనె రంగుకి తిరుగుతోంది. అతుకుల దగ్గర కుంచె నిలువుగా పట్టి చుక్క చుక్కగా లోపలికి నింపుతున్నాడు. డబ్బా మీద పెద్ద అక్షరాలు: వెనెలక్క. వెనె అంటే పడవ.

నాకు ఉండబట్టలేదు. డబ్బా చూపించి లక్క అన్నాను, నన్ను నేను చూపించుకుని ఇండియా, మా భాషలో కూడా లక్క అన్నాను. నాతో వచ్చిన బస ఆవిడ సామీలో వివరంగా చెప్పింది. ఆయన డబ్బాని తిప్పి అక్షరాలు మళ్ళీ చదువుకున్నాడు, కొత్తగా చూస్తున్నట్టు. ఈ పడవ దేనికి అంటే లువొస్సకి అన్నాడు. ఇది దాన్ని వేటకి నీళ్ళలో దించని మూడో వేసవి. మరెందుకు వార్నిష్ అని ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. వేయకపోతే చెక్క పగిలిపోతుంది.

మీ దగ్గర ఈ చేపని ఏమంటారు అని ఆయనే అడిగాడు. మాకు సాల్మన్ లేదు, దానిలాగే సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కి వచ్చేది ఒకటుంది, దాని పేరు పులస అని చెప్పాను. ఆయన కుంచె ఆపాడు. ఆవిడ నా వైపు తిరిగి, ఫిన్నిష్‌లో పులస్స అంటే కష్టాల్లో ఉండటం, నువ్వన్నది అలాగే వినపడింది అంది.

పెద్దాయన నది వైపు చూసి ఒక మాట అన్నాడు, ఈసారి ఫిన్నిష్‌లో, నాకు అర్థమయ్యేలా మెల్లగా.

"లొహికిన్ ఒన్ పులస్స." లొహి కూడా కష్టాల్లోనే ఉంది.

కుంచె మళ్ళీ లక్కలో ముంచి, రెండుసార్లు అంచుకి ఒత్తి, వదిలేసిన పలక దగ్గరికి వెళ్ళాడు.